పదహారు అంగుళాల పరువు

"ఏందిరా ఇది? పిల్లల సైకిలు?"

ఈ ప్రశ్న వేసింది మా నాన్న. మూడేళ్ళ కిందట వేసవిలో అమ్మా నాన్నా మొదటిసారి ఇంగ్లండు వచ్చారు. సోమవారం పొద్దున్నే మెట్ల కింద నుంచి మడత సైకిలు బయటికి లాగి, ముప్పిరి విప్పినట్టు విప్పి, లాప్‌టాప్ సంచీ ముందు తగిలించుకుని రెడింగ్ స్టేషనుకి బయలుదేరబోతున్నాను. నాన్న కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి నన్నూ, నా కింద ఉన్న పదహారు అంగుళాల చక్రాల్నీ చూశారు. ఆ చూపులో కోపం లేదు. జాలి ఉంది. ఇంత చదివించింది ఇందుకా అన్న జాలి.

నాన్న తెనాలి దగ్గర మా ఊళ్ళో సహకార పరపతి సంఘం గుమస్తాగా ముప్పై ఏళ్ళు పనిచేశారు. ఆ ముప్పై ఏళ్ళూ ఒకటే సైకిలు, ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాల నల్ల హెర్క్యులిస్. కాలవ గట్టు మీద రోజూ రానూపోనూ పన్నెండు కిలోమీటర్లు. రెండు బస్తాలు వేసినా, వెనక అమ్మా ముందు బారు మీద నేనూ కూర్చున్నా కిమ్మనేది కాదు. నాన్న దృష్టిలో సైకిలంటే అది. తక్కినవన్నీ బొమ్మలు.

ఆయన్ని అని ఏం లాభం? నేను పెరిగిన పద్ధతీ అదే. బస్టాండు పక్కన అద్దె సైకిళ్ళ కొట్లో గంటకి రూపాయి. ముందు పావు సైకిలు, తర్వాత అర సైకిలు, ఆ తర్వాత ముప్పావు. చివరికి పెద్ద సైకిలు, అదీ సీటు అందక బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కడం. చక్రం పెరగడమంటే మనం పెరగడం. నలభై దాటాక, రెండు పిల్లల తండ్రినయ్యాక మళ్ళీ అర సైకిలు ఎక్కితే కన్నతండ్రికి ఎలా ఉంటుంది? ఆ వారమంతా ఊరికి ఫోన్లలో "మావాడు ఆఫీసుకి రైల్లో పోతాడు" అని చెప్పారు తప్ప స్టేషను దాకా ఎలా పోతాడో చెప్పలేదు. నేను విన్నాను.

నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే, సౌకర్యం. రద్దీ వేళల్లో లండన్ లోపలికి పోయే చాలా రైళ్ళలో మామూలు సైకిలు ఎక్కనివ్వరు. మడిచిందైతే పెట్టె కింద లెక్క. అయితే నాన్న అడిగింది సౌకర్యం సంగతి కాదు. ఇది అసలు సైకిలేనా అని. ఆ మాటకి సమాధానం వెతుక్కుంటూ పోతే, సైకిలు చక్రానికి ఆ సైజు ఎందుకొచ్చిందో నాకే తెలియదని తేలింది.

చక్రం పెద్దదైతే వేగం ఎక్కువన్న నమ్మకం వట్టి భ్రమ కాదు. ఒకప్పుడు అది అక్షరాలా నిజం. 1870లలో వచ్చిన పెన్నీ ఫార్దింగ్ సైకిలు బొమ్మ మీరు చూసే ఉంటారు. ముందు మనిషెత్తు చక్రం, వెనక పళ్ళెమంత చక్రం. దానికి చైను లేదు, పెడళ్ళు నేరుగా ముందు చక్రం ఇరుసుకే ఉండేవి. కాలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే. దూరం పోవాలంటే చక్రాన్ని పెంచడమే దారి. ఎంత పెంచాలన్నది మనిషి కాళ్ళ పొడుగుని బట్టి ఉండేది. పొడుగువాడికి పెద్ద సైకిలు, పెద్ద సైకిలుకి ఎక్కువ వేగం, దాంతోపాటు ఎక్కువ ఎత్తు నుంచి బోర్లా పడే యోగం.

1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలు తెచ్చాడు. చైనూ, రెండు పళ్ళచక్రాలూ వచ్చి పెడలు తిరగడానికీ చక్రం తిరగడానికీ ఉన్న ముడి విప్పేశాయి. 1888లో బెల్‌ఫాస్టులో జాన్ బాయిడ్ డన్లప్ గాలి టైరు కనిపెట్టాడు. ఆ క్షణం నుంచి చక్రం ఎంత ఉండాలన్నది వేగానికి సంబంధించిన విషయమే కాదు. చిన్న చక్రం పెట్టి, ముందు పళ్ళచక్రం పెద్దది పెడితే సరి. కానీ అప్పటికి రోడ్లు రాళ్ళూ గుంటలూ, రిమ్ములూ టైర్లూ ఆ కొలతల్లో తయారు కావడం మొదలైంది. ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది అంగుళాల దగ్గర చక్రం ఆగిపోయింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ రోగం తెలుసు. ఎవరూ నిర్ణయించరు, అయినా ప్రమాణమై కూర్చుంటుంది, ఇరవై ఏళ్ళ తర్వాత దాన్ని మారుద్దామన్నవాడు పిచ్చివాడు. ఇంకో వింత, ఇంగ్లండులో ఈనాటికీ సైకిలు గేరుని అంగుళాల్లోనే చెబుతారు. మీ గేరు అరవై నాలుగు అంగుళాలంటే, అరవై నాలుగు అంగుళాల పెన్నీ ఫార్దింగ్‌తో సమానమని అర్థం. లేని చక్రంతో ఉన్న చక్రాన్ని కొలుస్తున్నాం.

ఇదంతా నాన్నకి చెప్పాను. ఆయన జీవితమంతా రాసింది లెక్కల పుస్తకాలు, మాటలతో పని జరగదు. "అయితే కొలుద్దాం పద" అని మా అబ్బాయి సుద్దముక్క పట్టుకుని ఇంటి ముందు కాలిబాట మీదికొచ్చారు. నేను సైకిలు పక్కన నడుస్తూ చేత్తో పెడలు సరిగ్గా ఒక చుట్టు తిప్పాను. ఆయన సుద్దతో గీతలు పెట్టి టేపుతో కొలిచారు. మొదటి గేరులో పన్నెండున్నర అడుగులు. రెండోదాంట్లో పదహారు ముప్పావు. మూడోదాంట్లో ఇరవై రెండు అడుగుల పైచిలుకు. అక్కడితో ఆగితే మా నాన్న ఎందుకవుతారు? ఊళ్ళో బాబాయికి ఫోను చేసి, కొట్టాంలో ఉన్న హెర్క్యులిస్‌ని బయటికి తీయించి, అదే కొలత వేయించారు. పద్ధెనిమిది అడుగులు.

ఆ అంకె విని నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కాలు తిప్పితే పోతుంది, సరే. తిప్పడానికి బలం ఎవరిస్తారు? చిన్న చక్రం బరువుగా లాగుతుంది" అన్నారు. సరైన ప్రశ్న. దీనికి జవాబు చెప్పడానికే ఒక మనిషి జీవితంలో సగం ఖర్చయింది.

ఆయన పేరు అలెక్స్ మౌల్టన్. 1920లో పుట్టాడు. ఇంగ్లండు నైరుతి దిక్కున విల్ట్‌షైర్‌లో బ్రాడ్‌ఫర్డ్-ఆన్-ఏవన్ అనే చిన్న ఊళ్ళో వాళ్ళది రబ్బరు కుటుంబం. రబ్బరుని గంధకంతో కాచి గట్టిపరిచే విద్యని చార్లెస్ గుడియర్ నమూనాలతో అమెరికా నుంచి ఇంగ్లండుకి మోసుకొచ్చినవాడు ఆయన ముత్తాత స్టీఫెన్ మౌల్టన్. 1848లో ఆ ఊరి పాత ఉన్ని మిల్లులో రబ్బరు కర్మాగారం పెట్టాడు. అలెక్స్ కేంబ్రిడ్జిలో చదివి, యుద్ధకాలంలో బ్రిస్టల్ విమానాల కంపెనీలో ఇంజన్ల పని చేశాడు. తర్వాత స్నేహితుడు అలెక్ ఇసిగోనిస్ 1959లో తెచ్చిన మినీ కారుకి రబ్బరు సస్పెన్షన్ చేసిపెట్టాడు. మినీ చక్రాలు పది అంగుళాలవి. కారు చక్రం చిన్నదైతే లోపల మనుషులకి చోటు పెరుగుతుందనీ, కుదుపుని రబ్బరు చూసుకుంటుందనీ అక్కడ రుజువైంది.

ఈలోగా 1956లో సూయజ్ గొడవ వచ్చింది. బ్రిటన్‌లో పెట్రోలుకి రేషను పెట్టారు. మౌల్టన్ మంచి పేరున్న హెచిన్స్ సైకిలొకటి కొని తొక్కడం మొదలుపెట్టాడు. తొక్కిన కొద్దీ అనుమానం వచ్చింది. డెబ్భై ఏళ్ళుగా ఈ ఆకారం ఎందుకు మారలేదు? అడ్డంగా ఆ బారు ఎందుకు? పాంటు వేసుకున్న మగవాడికొకటి, గౌను వేసుకున్న ఆడమనిషికొకటి అని రెండు రకాల బళ్ళు ఎందుకు? సామాను పెట్టడానికి చోటెక్కడ?

బలం సంగతి ఆయన రబ్బరు వైపు నుంచి ఆలోచించాడు. టైరు నేలకి తగిలిన చోట నొక్కుకుంటుంది, పైకొచ్చాక మళ్ళీ ఉబ్బుతుంది. నొక్కడానికి పట్టిన శక్తి అంతా ఉబ్బినప్పుడు తిరిగి రాదు, కొంత వేడిగా పోతుంది. మనకి బరువు అనిపించేది అదే. చక్రం చిన్నదైతే ఈ నొక్కుడు కాస్త ఎక్కువ, నాన్న చెప్పింది ఆ మేరకు నిజమే. మందు ఏమిటంటే సన్నటి టైరులో గాలి గట్టిగా కొట్టడం. కానీ చిన్న చక్రానికి గట్టి టైరు వేస్తే ప్రతి రాయీ నడుముకి తగులుతుంది. అందుకని ముందూ వెనకా రబ్బరు సస్పెన్షన్. కుదుపు టైరు పని కాదు, సస్పెన్షన్ పని. ఎవరి పని వాళ్ళకి పంచాడు. మూడింటిలో ఏ ఒక్కటి తీసేసినా తక్కిన రెండూ పనికిరావు. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో కావాలి.

లాభాలూ ఉన్నాయి. చిన్న చక్రం తేలిక, ఆగిన చోటు నుంచి తొందరగా వేగం అందుకుంటుంది. ఊచలు పొట్టివి కాబట్టి గట్టిది. గాలికి తక్కువ అడ్డం. చక్రం పైన బోలెడు చోటు, సామాను కిందకే ఉంటుంది కాబట్టి బండి తూలదు. బారు లేని ఆ ఫ్రేము బొమ్మ చూపిస్తే మా అమ్మ, "ఇట్టాంటిది అప్పుడే ఉంటే నేనూ నేర్చుకునేదాన్ని, చీరతో ఎక్కొచ్చు" అంది. నాన్న వినిపించుకోలేదు.

మౌల్టన్ ఈ బండిని ముందు రాలీ కంపెనీకి చూపించాడు. నాటింగ్‌హామ్‌లో ఉన్న రాలీ అప్పుడు సైకిళ్ళ సామ్రాజ్యం. 1960లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ సైకిళ్ళ విభాగమంతా రాలీతో కలిసింది. హెర్క్యులిస్ పేరు వాళ్ళదే. మద్రాసు దగ్గర అంబత్తూరులో మురుగప్ప వాళ్ళతో కలిసి టి.ఐ. సైకిల్స్ పెట్టిందీ ఆ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్సే. అంటే నాన్న హెర్క్యులిస్‌కీ ఈ కథలో ప్రతినాయకుడికీ దూరపు చుట్టరికం ఉందన్నమాట. నాన్నకి ఇది చెప్పినప్పుడు కొంచెం గర్వపడ్డారు, నేను ఆశించింది అది కాదు.

రాలీ వద్దంది. మౌల్టన్ తానే కంపెనీ పెట్టి 1962 నవంబరులో లండన్ ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనలో బండిని దింపాడు. చూసినవాళ్ళకి తగువు తెగలేదు. ఇది కొత్త సైకిలా, వేళాకోళమా? మరుసటి నెలలోనే జాన్ వుడ్‌బర్న్ అనే పందెగాడు మౌల్టన్ ఎక్కి కార్డిఫ్ నుంచి లండన్ దాకా 162 మైళ్ళు 6 గంటల 43 నిమిషాల్లో తొక్కాడు. ఆ దారిలో అప్పటిదాకా ఉన్న రికార్డు పోయింది. సగటున గంటకి 24 మైళ్ళు, డిసెంబరు చలిలో, పదహారు అంగుళాల చక్రాల మీద.

ఆ తర్వాత అమ్మకాలు ఎంత వేగంగా పెరిగాయంటే, కొద్దికాలంలోనే మౌల్టన్ బ్రిటన్‌లో రెండో పెద్ద సైకిలు ఫ్రేముల తయారీదారు అయ్యాడు. అప్పుడు మేల్కొంది రాలీ. 1965లో ఆర్.ఎస్.డబ్ల్యు. 16 అనే బండి తెచ్చింది. రాలీ స్మాల్ వీల్ అని దాని అర్థం. అవే పదహారు అంగుళాలు, అదే బారు లేని ఆకారం, వెనక సంచీ, ధర తక్కువ. సస్పెన్షన్ మాత్రం లేదు. దానికి బదులు లావుపాటి టైర్లు వేసి, గాలి తక్కువగా కొట్టమన్నారు, మెత్తగా ఉంటుందని. ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇక్కడికి. మూడింట్లో ఒకటి తీసేశారు, రెండోదాన్ని తలకిందులు చేశారు, మూడోదాన్ని, అంటే కంటికి కనిపించేదాన్ని, ఉంచారు. ఆ బండి తొక్కితే బురదలో తొక్కినట్టు ఉండేది.

నాకు ఇలాంటిది ఒకసారి అనుభవమే. ఒక ఖాతాదారు పోటీ కంపెనీ వాళ్ళ స్క్రీన్లు ఫోటోలు తీసుకొచ్చి ఆరు వారాల్లో అచ్చం ఇలాగే కావాలన్నాడు. ఇచ్చాం. అచ్చం అలాగే ఉన్నాయి. బటన్ నొక్కితే వెనక ఏమీ లేదు. తర్వాత ఆయన చేసిన తీర్మానం ఏమిటో తెలుసా? ఇలాంటి సిస్టమ్‌లే పనికిరావని.

చిన్న చక్రాలకీ జరిగింది ఇదే. మౌల్టన్ తొక్కినవాళ్ళు కొందరు, రాలీ బండి తొక్కినవాళ్ళు ఇంకెందరో. చిన్న చక్రం బరువుగా లాగుతుందన్న పేరు ఊరంతా పాకింది. పోటీ నిలవక 1967లో మౌల్టన్ తన సైకిలు వ్యాపారాన్ని రాలీకే అమ్మేశాడు. 1974 వచ్చేసరికి రాలీ ఆ బండ్లు చేయడం మానేసింది. న్యాయంగా ఒకటి చెప్పాలి. 1968లో అదే రాలీ ఇరవై అంగుళాల చక్రాలతో తెచ్చిన రాలీ ట్వెంటీ బాగా అమ్ముడుపోయిన మంచి బండి. మా వీధిలో ఒక ముసలావిడ ఇప్పటికీ దాని మీద కూరగాయలు తెచ్చుకుంటుంది.

మౌల్టన్ ఊరుకోలేదు. 1983లో సన్నటి గొట్టాలతో పందిరిలా అల్లిన కొత్త ఫ్రేముతో మళ్ళీ మొదలుపెట్టాడు. గాలి తప్పించే తొడుగు వేసిన ఆ రకం బండి మీద 1986లో కెనడాలోని వాంకూవర్‌లో జిమ్ గ్లోవర్ గంటకి 51.29 మైళ్ళ వేగం అందుకున్నాడు. పడుకుని కాదు, మామూలుగా కూర్చుని తొక్కి. అయినా పెద్ద పందేల్లో మీకు ఈ బండి కనిపించదు. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం రోడ్డు పందేలకి పెట్టిన నిబంధన ప్రకారం టైరుతో కలిపి చక్రం 55 సెంటీమీటర్లకి తగ్గకూడదు. గెలుస్తుందో లేదో చూసే అవకాశమే లేదు.

ఇక నా బండి. దీన్ని చేసిన ఆండ్రూ రిచీ కూడా కేంబ్రిడ్జి ఇంజనీరే. కొన్నాళ్ళు కంప్యూటర్ ప్రోగ్రామర్‌గా పనిచేసి, అది మానేసి తోటపని చేసుకున్నాడు. మా వృత్తిలో చాలామంది కలగనే దారి ఇది. 1970ల మధ్యలో బికర్టన్ అనే అల్యూమినియం మడత సైకిలు చూసి, ఇంతకంటే బాగా చేయొచ్చనుకుని, లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లో తన పడకగదిలో మొదలుపెట్టాడు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా బ్రాంప్టన్ ఆరేటరీ అనే చర్చి. బండి పేరు అక్కడిదే. మడత సైకిళ్ళు అంతకుముందూ ఉన్నాయి, యుద్ధంలో బి.ఎస్.ఎ. వాళ్ళు పారాచూట్ సైనికులకి చేశారు. కానీ పెద్ద చక్రాన్ని ఎన్ని మడతలు పెట్టినా అది పెద్ద చక్రమే. రిచీ బండిలో వెనక చక్రం కిందికి దొర్లి ముందుకొస్తుంది, ముందు చక్రం పక్కకి వాలుతుంది, నూనె చైను రెండింటి మధ్యకి పోతుంది. ప్యాంటుకి మరక అంటదు. చక్రం రిమ్ము కొలత సరిగ్గా మౌల్టన్ తొలి బండిదే. వెనక ఒక చిన్న రబ్బరు దిమ్మ కూడా ఉంది.

రిచీ కూడా రాలీకి చూపించాడు. రాలీ మళ్ళీ వద్దంది. ముందే డబ్బు కట్టిన కొద్దిమంది కోసం 1981లో చేతితో చేయడం మొదలుపెట్టాడు, మధ్యలో ఆగిపోయాడు, 1988లో జూలియన్ వెరెకర్ అనే వ్యాపారి అండతో బ్రెంట్‌ఫర్డ్‌లో రైలు వంతెన కమాను కింద మళ్ళీ నిలదొక్కుకున్నాడు. నాటింగ్‌హామ్‌లో రాలీ సైకిలు తయారీ 2002తో ఆగిపోయింది. ఫ్యాక్టరీ ఉన్న చోట కొంత మేర ఇప్పుడు విశ్వవిద్యాలయం. బ్రాంప్టన్ మాత్రం ఇప్పటికీ లండన్‌లోనే తయారవుతోంది. 2006లో బార్సిలోనాలో మొదలైన దాని ప్రపంచ పోటీలో కోటూ టై కట్టుకుని తొక్కాలి. నాన్నకి వీడియో చూపిస్తే మొదటిసారి నవ్వారు.

లోపాలు దాచను. చిన్న చక్రం హ్యాండిలు చపలం, ఒక చెయ్యి వదిలి వెనక్కి చూడబోతే అటే పోతుంది. టైర్లు ఎక్కువ చుట్లు తిరుగుతాయి కాబట్టి తొందరగా అరుగుతాయి. పెద్ద చక్రం దాటేసే గుంటలో చిన్న చక్రం దిగిపోతుంది. ఒక నవంబరు సాయంత్రం వానలో ప్యాడింగ్టన్ వైపు వస్తూ నీళ్ళు నిండిన గుంటని చూసుకోలేదు. మణికట్టు బెణికి మూడు వారాలు ఎడమచేత్తో టైపు చేశాను. మా కాలవ గట్టు మీద, వర్షాకాలంలో, రెండు బస్తాలతో అయితే నేను కూడా హెర్క్యులిస్‌నే ఎక్కుతాను. నాన్నతో ఈ మాట అన్నాను.

వాళ్ళు తిరిగి వెళ్ళేముందు ఒక శనివారం బ్రాడ్‌ఫర్డ్-ఆన్-ఏవన్ వెళ్ళాం. రెడింగ్ నుంచి బాత్, అక్కడ రైలు మారాలి. మౌల్టన్ 2012లో, 92 ఏళ్ళ వయసులో పోయాడు. చూడటానికి పెద్దగా ఏమీ లేదు, పాత రాతి వంతెన, ఏటి ఒడ్డున ఒకప్పుడు రబ్బరు పని జరిగిన మిల్లు, ఇప్పుడు అందులో మనుషులు కాపురం ఉంటున్నారు. నాన్నకి నచ్చింది కాలవ. పడవ కోసం తలుపులు మూసి నీళ్ళు నింపుతుంటే, "మన దుగ్గిరాల లాకులే కదరా" అని గంటసేపు కదల్లేదు. గట్టు మీద చదునైన మట్టి బాట. మోకాలి నొప్పితో హెర్క్యులిస్ బారు మీదుగా కాలు వేయలేక ఆయన సైకిలు మానేసి నాలుగేళ్ళయింది. నేను నా బండి విప్పి గోడకి ఆనించి, ఏమీ అనకుండా అమ్మతో టీ తాగడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి సీటు రెండంగుళాలు కిందికి దిగి ఉంది. మేమేమీ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

రైల్లో వస్తుంటే బాబాయి ఫోను చేశాడు. నాన్న గట్టిగానే మాట్లాడతారు, పెట్టెలో అందరికీ వినిపిస్తుంది.

"నూట అరవై రెండు మైళ్ళురా! ఆరు గంటల నలభై మూడు నిమిషాలు. ఎంత చక్రం అనుకుంటున్నావు? పదహారు! ఆ, పదహారే. లేదు లేదు, లెక్క చూశాను." కాస్త ఆగి, "మావాడా? మావాడు రైల్లోనే పోతాడు" అన్నారు.